కంపోస్టబుల్ కవర్లు తడి చెత్తలోకా, పొడి చెత్తలోకా? ఐదు నెలల తర్వాత నా డ్రమ్ములో చెక్కుచెదరకుండా దొరికాయి

మేడతోట_ఎంవీపీ | 9 జనవరి, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో 32 ఫ్లాట్లు. కిందటి ఆగస్టులో అసోసియేషన్ మీటింగులో నేనే పట్టుబట్టి తడి చెత్తకి కంపోస్టబుల్ కవర్లు తెప్పించాను. మామూలు కవర్ల కంటే మూడు రెట్లు ధర. పైన మొక్కజొన్న కండె బొమ్మ, దాని కింద "180 రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది" అని అచ్చు. ఆ మాట నేను నమ్మి, మిగతా 31 ఇళ్లనీ నమ్మించాను.

మేడ మీద నాకు 200 లీటర్ల కంపోస్టు డ్రమ్ము ఉంది. ఆగస్టు 10న కూరగాయల తొక్కలతో పాటు నాలుగు కవర్లు కూడా అందులో వేశాను. నిన్న డ్రమ్ము తిరగేశాను. ఎరువు బ్రహ్మాండంగా వచ్చింది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన. అరటి తొక్కల ఆనవాలే లేదు, కొబ్బరి పీచు కూడా మెత్తబడిపోయింది. కవర్లు మాత్రం నాలుగుకి నాలుగూ బయటికొచ్చాయి. ఒకటి కుళాయి కింద కడిగితే కండె బొమ్మ ఆకులతో సహా కనిపిస్తోంది. పిడి పట్టుకుని లాగాను. కొంచెం సాగింది, తెగలేదు. రెండు కవర్లకి మాత్రం మడతల దగ్గర చిన్న చిన్న చీలికలు వచ్చాయి.

నేను మోసపోయానా? ఇంట్లో ఇంకా ఆరు ప్యాకెట్లు ఉన్నాయి. వాడేశాక ఆకుపచ్చ డబ్బాలో వేయాలా, నీలం డబ్బాలోనా? చెత్త బండి అమ్మాయిని అడిగితే "కవరు కవరే కదమ్మా, పొడి చెత్తలో వెయ్యండి" అంది. ఆ అమ్మాయి తప్పు కాదు, ఆమెకి ఎవరు చెప్పారు గనక.

ఫ్లేక్స్_గాజువాక | 9 జనవరి, ఉదయం 8:15

మేడమ్, నీలం డబ్బాలో మాత్రం వేయకండి. దండం పెట్టి అడుగుతున్నాను.

నాది పెట్ బాటిళ్ల (నీళ్లు, కూల్‌డ్రింకులు వచ్చే ప్లాస్టిక్ సీసాలు) గ్రైండింగ్ యూనిట్. స్క్రాపు షాపుల నుంచి వచ్చిన సరుకు ఏరి, ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టి అమ్ముతాం. కడిగే తొట్టిలో మూతలు, లేబుళ్లు పైకి తేలతాయి, పెట్ మునుగుతుంది. మా ఏరివేత సగం ఆ నీళ్లే చేసిపెడతాయి. రెండేళ్ల కిందట ఒక ఫంక్షన్ హాలు నుంచి లోడు వచ్చింది. అందులో జ్యూస్ గ్లాసులు, అచ్చం పెట్ లాగే తళతళలాడుతున్నాయి. మా ఆడవాళ్లు ఇరవై ఏళ్లుగా ఏరుతున్నారు, వాళ్లే పోల్చలేకపోయారు. నీళ్లలో వేస్తే అవీ పెట్‌తో పాటే మునిగాయి. వేడి గాలి డ్రయ్యర్లోకి వెళ్లాక తెలిసింది. పెట్ ముక్కలు గలగలమంటూ జారాల్సింది, బెల్లం పాకం కారినట్టు కరిగి, ముక్కకీ ముక్కకీ అతుక్కుని, హాపర్ (సరుకు పోసే గరాటా) గొంతు దగ్గర తలకాయంత గడ్డ కట్టాయి. ఉలి పెట్టి చెక్కాం. ఆ రోజు పనంతా పోయింది, ఆ లాటు తక్కువ రేటుకి పోయింది.

అవి పీఎల్‌ఏ అనే, మొక్కల నుంచి చేసే ప్లాస్టిక్ గ్లాసులని తర్వాత తెలిసింది. అడుగున ప్లాస్టిక్ రకం చెప్పే 7 నంబరు త్రికోణం, అది కూడా భూతద్దం పెట్టి వెతికితే కనిపించేంత.

మీ కవర్లు నా దగ్గరికి రావు, పాత కవర్లు కరిగించి దానా (ప్లాస్టిక్ గింజలు) తీసే వాళ్ల దగ్గరికి వెళ్తాయి. వాళ్ల బాధ వేరు. పాలిథిన్‌లో ఈ సరుకు కలిస్తే దాన్ని కరిగించి కొత్త కవరుగా ఊదేటప్పుడు చిల్లులు పడుతుంది, గడ్డలు వస్తాయి. కాబట్టి పొడి చెత్త వద్దు.

పాలిమర్_మేష్టారు | 9 జనవరి, ఉదయం 10:30

మేడతోట గారూ, మీరు మోసపోయారో లేదో చెప్పే ముందు ఒక ముడి విప్పాలి. "బయో ప్లాస్టిక్" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తున్నారు. దేనితో చేశారు అన్నది ఒకటి. చివరికి ఏమవుతుంది అన్నది మరొకటి. ఈ రెండింటికీ సంబంధం ఉండి తీరాలని లేదు.

బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ అనే కంపెనీ 2010 నుంచి చెరకు ఇథనాల్‌తో పాలిథిన్ చేస్తోంది. పుట్టింది చెరకులోంచే అయినా అది పక్కా పాలిథిన్. వందేళ్లు పూడ్చిపెట్టినా కుళ్లదు. దాన్ని నీలం డబ్బాలోనే వేయాలి, మామూలు పాలిథిన్‌తో కలిపి శుభ్రంగా రీసైకిల్ చేయొచ్చు. దీనికి తిరగేసిన కేసు పీబీఏటీ అనే ప్లాస్టిక్. సాధారణంగా పెట్రోలియం నుంచే చేస్తారు, కానీ సూక్ష్మజీవులు తింటాయి. సాగే గుణం ఉంటుంది కాబట్టి కంపోస్టబుల్ కవర్లలో ఎక్కువ భాగం ఇదే. దీనికి పిండి పదార్థమో పీఎల్‌ఏనో కలుపుతారు. పీఎల్‌ఏ అంటే మొక్కజొన్న, చెరకు లాంటి వాటి చక్కెరని పులియబెట్టి వచ్చిన లాక్టిక్ ఆమ్లంతో చేసేది. పుట్టుక మొక్కదే, కుళ్లడమూ నిజమే, కానీ దాని షరతులు దానికున్నాయి.

ఆ షరతులే మీ డ్రమ్ము కథ. మన దేశంలో కంపోస్టబుల్ అని అమ్మాలంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 పరీక్ష పాసవ్వాలి. అందులో సుమారు 58 డిగ్రీల వేడిలో, గాలీ తేమా అందుతుండగా, 180 రోజుల్లోపు కనీసం 90 శాతం కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన 10 శాతానికి మించి మిగలకూడదు. అంటే అది పెద్ద కంపోస్టు యార్డు వేడి, మేడ మీది డ్రమ్ము వేడి కాదు. పీఎల్‌ఏ అణువుల గొలుసులు 60 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే గానీ వదులవ్వవు. వదులైతే నీరు లోపలికి దూరి గొలుసుని తుంచుతుంది. ముక్కలు చిన్నవయ్యాకే సూక్ష్మజీవులు తినగలవు. నానని శనగలు మనం మాత్రం నమలగలమా?

మీ దగ్గర థర్మామీటరు ఉంటే డ్రమ్ము మధ్యలో గుచ్చి చూసి చెప్పండి.

మేడతోట_ఎంవీపీ | 9 జనవరి, మధ్యాహ్నం 1:05

మేష్టారూ, ఇప్పుడే చూశాను. కొత్తగా చెత్త వేసిన డ్రమ్ములో 38 డిగ్రీలు, పాతదాంట్లో 29. కవరు మీద మీరు చెప్పిన నంబరు ఉంది, సర్టిఫికెట్ నంబరూ ఉంది. మరి "మట్టిలో కలిసిపోతుంది" అని ఎలా అచ్చేశారు?

పాలిమర్_మేష్టారు | 9 జనవరి, మధ్యాహ్నం 1:40

అయితే సరుకు నిజమైనదే అయి ఉంటుంది, దాని మీద రాసిన మాట అబద్ధం. "180 రోజులు" ఆ పరీక్షలోని గడువు, "మట్టిలో" అన్నది అమ్మేవాడు చేర్చుకున్నది. ఇంట్లో కంపోస్టు అయ్యేదానికి యూరప్‌లో వేరే ముద్ర ఉంది, ఓకే కంపోస్ట్ హోమ్ అని. దాన్ని 20 నుంచి 30 డిగ్రీల మధ్య పరీక్షిస్తారు, 12 నెలల గడువు. అయినా 2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు బ్రిటన్ అంతటా జనం చేత ఇళ్లలోనే పరీక్ష చేయిస్తే, ఇంటి కంపోస్టు ముద్ర ఉన్న వాటిలోనూ 60 శాతం పూర్తిగా చివకలేదు. కాబట్టి మీ డ్రమ్ములో మీ లోపం ఏమీ లేదమ్మా.

టిఫిన్_మద్దిలపాలెం | 9 జనవరి, రాత్రి 10:20

షాపు కట్టేసి ఇప్పుడు చదివాను. నాకూ ఇదే టెన్షన్. 2022 జూన్‌లో జీవీఎంసీ (మన విశాఖ నగరపాలక సంస్థ) ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ఆపేయమన్నప్పటి నుంచి నేను కంపోస్టబుల్ అని అమ్మే పచ్చ కవర్లే కొంటున్నాను. రోజుకి రెండొందల పార్సిళ్లు. చట్నీ, సాంబారు. నా కవర్లు అసలైనవో కావో ఇంట్లో తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

పాలిమర్_మేష్టారు | 10 జనవరి, ఉదయం 6:10

ఉంది. బకెట్ నీళ్లలో అంగుళం ముక్క వేసి, గాలి బుడగ లేకుండా వేలితో నొక్కి వదలండి. పాలిథిన్ నీటికంటే తేలిక, పైకొస్తుంది. పీబీఏటీ, పీఎల్‌ఏ నీటికంటే బరువు, అడుగుకి పోతాయి. ముక్క తేలితే అది కంపోస్టబుల్ కాదని దాదాపు ఖాయం. మునిగితే మాత్రం ఖాయం కాదు, సుద్దపొడి దండిగా కలిపిన పాలిథిన్ కూడా మునుగుతుంది. గాయానికి రాసే అయోడిన్ చుక్క వేస్తే నల్లబడితే పిండి ఉన్నట్టు. పాలిథిన్‌లోనే పిండి కలిపి అమ్మే వాళ్లూ ఉన్నారు కాబట్టి అదొక్కటే చూసి నమ్మకండి. ఈ రెండిటికన్నా ముందు కవరు మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు ఉన్నాయా చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ లేకుండా కంపోస్టబుల్ అని అమ్మకూడదు.

టిఫిన్_మద్దిలపాలెం | 10 జనవరి, ఉదయం 11:45

తేలింది మేష్టారూ. మూడు ప్యాకెట్లలోంచి మూడు ముక్కలు వేశాను. మూడూ తేలాయి. నంబరు కూడా లేదు, ఆకు బొమ్మా "ఎకో" అనే మాటా తప్ప ఏమీ లేవు. రెండేళ్లుగా ఎక్కువ డబ్బు పెట్టి కొని, మంచి పని చేస్తున్నానని కస్టమర్లకి చెప్పుకుంటున్నాను. గుండె బరువెక్కింది. ఇచ్చిన హోల్‌సేల్ అతన్ని రేపు అడుగుతాను.

ఫ్లేక్స్_గాజువాక | 10 జనవరి, మధ్యాహ్నం 12:30

అన్నా, మీ కవరు పాలిథినే అయితే రీసైక్లింగుకి వెళ్తుంది కదా అనుకోకండి. చట్నీ అంటిన పల్చని కవరు ఎవరూ కొనరు. ఇంకో రకం కూడా ఉంది, ఎండకి పొడిపొడిగా రాలిపోయేలా మందు కలిపిన పాలిథిన్. ఆక్సో అంటారు. రాలిపోతుంది గానీ పోదు, కంటికి కనపడని ముక్కలవుతుంది. యూరప్‌లో 2021 జూలై నుంచి దాన్ని నిషేధించారు. అది దానాలో కలిస్తే కొత్త సరుకు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

నా మటుకు నాకు ఈ బయో సరుకంతా ఆపేస్తేనే మంచిదనిపిస్తుంది. పెట్ బాటిల్ ఉంది, కేజీకి రేటుంది, ఏరేవాళ్లకి కూలి ఉంది. పీఎల్‌ఏ గ్లాసుకి రేటు లేదు. రేటు లేనిది ఎవరూ ఏరరు. ఇది చూసిన బాధతో చెప్తున్నాను.

జాలారి_తీరం | 10 జనవరి, సాయంత్రం 5:55

మాది పెదజాలారిపేట. నాన్న, బాబాయి తెప్ప మీద వెళ్తారు, నేను డిగ్రీ చదువుతున్నాను. వల లాగినప్పుడు చేపతో పాటు కవర్లు వస్తాయి, అది అందరికీ తెలిసిందే. కొత్తగా పచ్చ కవర్లు కూడా వస్తున్నాయి. "ఇవి నీళ్లలో కరిగిపోతాయట, పారేసినా పర్లేదు" అని బీచ్‌లో బజ్జీలు తినే వాళ్లు అనడం నా చెవులారా విన్నాను. ఇప్పుడు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వచ్చే రోజులు. నిజంగా సముద్రంలో కరుగుతాయా మేష్టారూ?

పాలిమర్_మేష్టారు | 10 జనవరి, రాత్రి 8:20

బాబూ, నీ ప్రశ్నకి ఇంగ్లండ్‌లో ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడేళ్లు పరీక్షించి 2019లో జవాబిచ్చారు. రకరకాల కవర్లని మట్టిలో పాతారు, సముద్రంలో ఉంచారు, గాలికి వేలాడదీశారు. బయోడిగ్రేడబుల్ అని అమ్మిన కవరు మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్నా తీసి సరుకులు మోయడానికి పనికొచ్చింది. కంపోస్టబుల్ కవరు సముద్రంలో పెట్టిన చోట మూడు నెలల్లో కనిపించకుండా పోయింది. కనిపించకపోవడం అంటే కరిగిపోవడమో చిన్న ముక్కలవడమో అది చెప్పదు. అదే కవరు మట్టిలో 27 నెలల తర్వాత కూడా ఉంది, బరువు వేస్తే మాత్రం చిరిగింది. పీఎల్‌ఏ గట్టి వస్తువులైతే మన సముద్రం వేడిలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి.

సముద్రంలో నిజంగా తినబడేవి ఉన్నాయి, పీహెచ్‌ఏ అని. బాక్టీరియా తన ఒంట్లో కొవ్వు దాచుకున్నట్టు దాచుకునే పదార్థం అది. ఫ్రాన్స్‌లో మొరిస్ లెమ్వాన్ 1926లో ఈ జాతిలో మొదటిదాన్ని గుర్తించాడు. ఖరీదెక్కువ, బజారులో అరుదు. అదే అయినా తాబేలు మింగే లోపు కరగదు. ఒడ్డున పారేయడానికి ఏ ముద్రా అనుమతి కాదు.

ఫ్లేక్స్ గారూ, మీ కష్టం నాకు అర్థమైంది, కానీ మొత్తం ఆపేయాలన్న దగ్గర నేను ఒప్పుకోను. మీరే అన్నారు, చట్నీ అంటిన కవరు ఎవరూ కొనరని. ఎలాగూ రీసైకిల్ కానిది, తిండితో అంటుకుని ఉండేది, తిండితో పాటే కంపోస్టు గుట్టకి పోవాల్సింది కంపోస్టబుల్ అయితేనే మేలు. తడి చెత్త కవరు, టీ బ్యాగు, పండ్ల మీది స్టిక్కరు అలాంటివి. ఇటలీలో 2011 నుంచి మామూలు క్యారీ బ్యాగులు ఆపి కంపోస్టబుల్ కవర్లు తెచ్చారు. మిలాన్‌లో 2014 నాటికి ఊరంతా వంటింటి చెత్తని ఆ కవర్లలోనే సేకరించే ఏర్పాటు చేశారు. అక్కడ పనిచేసింది కవరు ఒక్కటే కాదు, దాన్ని తీసుకునే యార్డు కూడా ఉంది. బాటిళ్లు, గ్లాసులు లాంటి మెరిసే గట్టి వస్తువుల విషయంలో మాత్రం నేను మీ వైపే.

ఫ్లేక్స్_గాజువాక | 10 జనవరి, రాత్రి 9:10

స్టిక్కరు, తడి చెత్త కవరు వరకు ఒప్పుకుంటాను మేష్టారూ. గ్లాసులకి మాత్రం రంగు మార్చమనండి. తెల్లగా తళతళలాడేది చేయొద్దు, పచ్చటి రంగు వేయమనండి. మా ఆడవాళ్లు చేత్తో తీసి పక్కన పెట్టేస్తారు. లక్షలు పోసి మిషన్ కొననక్కర్లేదు.

మధురవాడ_వాసి | 11 జనవరి, ఉదయం 7:30

ఒక సందేహం. కాపులుప్పాడ యార్డులో చెత్త కాల్చి కరెంటు చేసే 15 మెగావాట్ల ప్లాంటు ఉంది కదా. ఎలాగూ అక్కడికే పోతే ఏ కవరైతే ఏంటి?

పాలిమర్_మేష్టారు | 11 జనవరి, ఉదయం 8:00

కాలితే రెండూ ఒకటే, వేడి వస్తుంది. అప్పుడు మూడు రెట్లు ధర పెట్టినందుకు దక్కేదేమీ లేదు. కాల్చకుండా పూడ్చితే ఇంకో చిక్కు. గాలి అందని గుట్టలో పిండి కలిసిన కవర్లు మీథేన్ వదులుతాయి, పీఎల్‌ఏ దాదాపు అలాగే పడి ఉంటుంది. ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా కవరు ఎంచుకోవడం అంటే టికెట్ కొనకుండా రైలెక్కడమే.

పాడేరు_అడ్డాకు | 11 జనవరి, మధ్యాహ్నం 2:15

నేను ఈ ఊళ్లో పని చేస్తున్నాను, మా వాళ్లు పాడేరు దగ్గర అడ్డాకులు కుడతారు. మా అమ్మ ఆకు తిరగేసి, ఈనె పక్కకి వచ్చేలా పేర్చి, వెదురు పుల్ల చీల్చి కుడుతుంది. ఒక విస్తరికి ఆరేడు ఆకులు. భోజనం అయ్యాక పెరట్లో పారేస్తే మేక తింటుంది, మిగిలింది వానల్లో మట్టవుతుంది. దానికి 58 డిగ్రీలు అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. సిటీలో మిషన్ మీద నొక్కిన ఆకు ప్లేట్లు అమ్ముతున్నారు, వాటిలో కొన్నిటి అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. గోరుతో అంచు గీకితే లేస్తుంది. ఆకు కదా అని కంపోస్టులో వేస్తే ఆకు పోయి పొర మిగులుతుంది. పేపరు కప్పులూ అంతే. కొనే ముందు గీకి చూడండి.

టిఫిన్_మద్దిలపాలెం | 13 జనవరి, రాత్రి 10:50

హోల్‌సేల్ అతను "కంపెనీ అలాగే పంపింది" అన్నాడు. మిగిలిన సరుకు వెనక్కిచ్చేశాను. రేపట్నుంచి ఇడ్లీకి అడ్డాకు, సాంబారుకి సొంత డబ్బా తెచ్చుకుంటే 3 రూపాయలు తగ్గింపు అని బోర్డు పెడుతున్నాను. పాడేరు తమ్ముడూ, మీ అమ్మగారి దగ్గర వారానికి వెయ్యి ఆకులు దొరుకుతాయా?

పాడేరు_అడ్డాకు | 13 జనవరి, రాత్రి 11:05

అమ్మ ఒక్కతే అంత కుట్టలేదు అన్నా. మా వీధి ఆడవాళ్లంతా కలిస్తే సరిపోతుంది. పండగ వెళ్లాక మాట్లాడదాం, విడిగా మెసేజ్ పెడతాను.

మేడతోట_ఎంవీపీ | 14 జనవరి, సాయంత్రం 4:30

భోగి మంటలో వేసేస్తావా ఆ కవర్లు అని మా ఇంట్లో అడిగారు. వేయలేదు. అసోసియేషన్‌లో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒకాయన కోప్పడ్డారు, ఆ కోపంలో న్యాయం ఉంది. మేష్టారి సలహా మీద ఒక ప్రయత్నం చేస్తున్నాం. వాచ్‌మన్ గది వెనక ఖాళీలో పెద్ద గుట్ట వేస్తున్నాం, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. ఎండాకులు, 32 ఇళ్ల తడి చెత్త, నాలుగు తట్టల పేడ. అంత పెద్దదైతే లోపలి వేడి బయటికి పోదని, డ్రమ్ముకి రాని వేడి దీనికి వస్తుందని ఆయన అన్నారు. అందులో నా నాలుగు పాత కవర్లు, పది కొత్తవి, ఒక పీఎల్‌ఏ చెంచా ఉల్లిపాయల గోనె సంచిలో పెట్టి మధ్యలో ఉంచాం.

మేడతోట_ఎంవీపీ | 20 జనవరి, ఉదయం 7:00

61 డిగ్రీలు! చెయ్యి పెడితే నిలవలేదు. వాచ్‌మన్ భార్య రోజూ పొద్దున్నే థర్మామీటరు చూసి పలక మీద రాస్తోంది.

జాలారి_తీరం | 20 జనవరి, ఉదయం 9:40

అక్కా, ఫొటో పెట్టండి. మా వీధిలో చూపిస్తాను.

మేడతోట_ఎంవీపీ | 11 మార్చి, ఉదయం 8:25

ఎనిమిది వారాలయ్యాయి. గుట్ట నాలుగుసార్లు తిరగేశాం. తిరగేసినప్పుడల్లా రెండు రోజుల్లో మళ్లీ 55 దాటింది, చివరి రెండు వారాలే చల్లబడింది. ఇవాళ గోనె సంచి తీశాం.

కొత్త కవర్లు పది వేశాం కదా, వాటిలో చేతికి చిక్కినవి అరచేయంత ముక్కలు మూడు, గోరంతవి కొన్ని. తడిసిన అప్పడంలా ఉన్నాయి, వేళ్ల మధ్య నలిపితే పిండి అయిపోయాయి. కండె బొమ్మ ఉన్న చోట రంగు మాత్రం పచ్చటి మరకలా మిగిలింది. డ్రమ్ములో ఐదు నెలలు ఉండి వచ్చిన పాత నాలుగూ అసలు దొరకలేదు. చెంచా దొరికింది. పాలలా తెల్లబడింది, వంచితే సుద్దముక్కలా టక్కున విరిగింది, కానీ నాలుగు ముక్కలూ చెంచా ముక్కలని పోల్చేలాగే ఉన్నాయి.

ఎరువుకి ఈ కవర్ల వల్ల బలమేమీ రాదని మేష్టారు ముందే చెప్పారు. గాలిలోకీ నీళ్లలోకీ పోతుందంతే, నత్రజని లేదు, పొటాష్ లేదు. చెత్త తేవడానికి శుభ్రమైన సంచి దొరకడమే మాకు లాభం. మిగిలిన ఆరు ప్యాకెట్లూ ఈ గుట్టకే వాడతాం. బయటి బండికి ఇచ్చే తడి చెత్త కవరు లేకుండా బకెట్‌తోనే ఇవ్వాలని తీర్మానం చేశాం. చెంచాలు, గ్లాసులు కొనం.

కొత్త గుట్ట ఆదివారం వేస్తున్నాం. ఫ్లేక్స్ గారూ, పీఎల్‌ఏ ముక్కలు ఎలా ఉంటాయో చూపించడానికి మీ ఆడవాళ్లలో ఇద్దరిని పంపగలరా? మా ఆరేడు వీధుల చెత్త బండి అమ్మాయిలు కూడా వస్తామన్నారు.

ఫ్లేక్స్_గాజువాక | 11 మార్చి, ఉదయం 9:02

ఇద్దరు కాదు మేడమ్, నలుగురు వస్తారు. ఆ రోజు కూలి నేను ఇస్తాను. ఉలితో చెక్కిన గడ్డ ఇప్పటికీ యూనిట్‌లో ఉంది, అది కూడా పట్టుకొస్తాను.